గుల్ల చెప్పేది, గుల్ల దాచేది: సముద్రపు గవ్వల కుటుంబాలూ వాటిని కట్టే జీవులూ

సముద్రపు ఒడ్డున దొరికే ఖాళీ గుల్లకు తెలుగులో ఒకే పేరు లేదు. నున్నగా మెరుస్తూ, అడుగున పళ్ల వరుసల మధ్య చీలిక ఉన్నదాన్ని గవ్వ అంటాం. రెండు పలకలుగా తెరుచుకునేదాన్ని చిప్ప అంటాం. పెద్దదిగా, మెలితిరిగి, ఒక కొన కాలువలా సాగినదాన్ని శంఖం అంటాం. మిగిలిన చుట్టల గుల్లలన్నీ నత్తగుల్లలే. చూపుకు కనిపించే ఆకారాన్ని బట్టి పుట్టిన ఈ మాటలు జీవశాస్త్రం చేసే విభజనకు చాలావరకు దగ్గరగానే ఉన్నాయి. ఆ దగ్గరితనమే ఒక పొరపాటుకు కూడా దారితీస్తుంది: ఆకారం తెలిస్తే చాలు, బంధుత్వం తెలిసినట్టేననే నమ్మకం కలుగుతుంది. గుల్ల ఆకారంలో రెండు సంగతులు పెనవేసుకుని ఉంటాయి. ఆ జీవి ఏ వంశానికి చెందిందన్నది ఒకటి, అది ఏ విధంగా బతికిందన్నది రెండోది. ఈ రెండింటినీ విడదీసి చదవడమే గుల్లల అధ్యయనంలో అసలు పని. అందులోని కష్టమంతా కూడా అక్కడే ఉంది.

ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. గుల్లను జీవి ఇల్లు అనడం వాడుకలో ఉన్నా, ఆ పోలిక సరైనది కాదు. ఖాళీ గుల్లల్లో దూరి, పెరిగేకొద్దీ ఒకదాన్ని వదిలి మరో పెద్దదాన్ని వెతుక్కునే హెర్మిట్ పీతకు అది నిజంగా ఇల్లే. గుల్లను కట్టిన మొలస్క్ అనే మెత్తని దేహపు జీవికి మాత్రం అది శరీరంలో భాగం, కండరాలతో అతుక్కుని ఉన్న అవయవం. జీవి దాన్ని విడిచి బయటికి రాలేదు, మరొకదాన్ని తొడుక్కోలేదు. కాబట్టి గుల్లల కుటుంబాలు అనే మాటను గుల్లల్ని కట్టిన జీవుల కుటుంబాలు అని అర్థం చేసుకోవాలి. జంతువుల్లో కీటకాలు, పీతల వంటివి ఉన్న ఆర్థ్రోపోడాల తరువాత అతి పెద్ద వర్గం మొలస్కాలదే. నేడు బతికి ఉన్న మొలస్కాల్ని ఎనిమిది విభాగాలుగా పంచితే, వాటిలో గుల్లలు సేకరించేవారి చేతికి ఎక్కువగా అందేవి రెండు: నత్తలు, శంఖాలు, గవ్వలు ఉన్న ఉదరపాదులు, చిప్పలు ఉన్న ద్వికవాటులు.

గుల్లను తయారు చేసేది ప్రావారం. జీవి మెత్తని దేహాన్ని కప్పి ఉంచే ఈ పలచని కండపొర అంచు ముడతలు పడి ఉంటుంది. ఆ ముడతల మధ్య గాడిలోంచి మొదట ప్రోటీన్లతో కూడిన ఒక పలచని తోలు పొర వెలువడుతుంది. గుల్ల వెలుపలి పొర అదే. దాని లోపలివైపు, ప్రావారానికీ గుల్లకూ మధ్య ఇరుకు చోటులో ఉన్న ద్రవంలోంచి కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలుగా పేరుకుంటుంది. గుల్ల బరువులో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఈ ఖనిజమే. మిగిలిన కొద్దిపాటి ప్రోటీన్లు, కైటిన్ పరిమాణంలో స్వల్పమైనా, స్ఫటికం ఎక్కడ మొదలవ్వాలి, ఏ దిశగా పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నది నిర్ణయించేవి అవే. గుల్లల్లో కాల్షియం కార్బొనేట్ ముఖ్యంగా కాల్సైట్, ఆరగొనైట్ అనే రెండు స్ఫటిక రూపాల్లో ఉంటుంది. రసాయనం ఒక్కటే, అమరిక వేరు. ఏ పొరను దేనితో కట్టాలో ప్రతి కుటుంబానికీ తనదైన పద్ధతి ఉంది.

ముత్యపు చిప్ప లోపలి మెరుపు ఈ అమరిక వల్లే వస్తుంది, రంగు వల్ల కాదు. అక్కడ ఆరగొనైట్ సుమారు అర మైక్రోమీటరు మందమున్న పలకలుగా, గోడలో ఇటుకల మాదిరి పేర్చి ఉంటుంది. పలకల మధ్య అతి పలచని ప్రోటీన్ పొరలు ఉంటాయి. ఆ మందం కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరిది కాబట్టి ఒక్కో పొర నుంచి తిరిగివచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలిసి, చూసే కోణాన్ని బట్టి రంగులు మారుతున్నట్టు కనిపిస్తుంది. పగులు పుట్టినా ఇటుకల చుట్టూ వంకరలు తిరుగుతూ తన శక్తిని పోగొట్టుకుంటుంది. అందుకే ఈ పొర అదే ఖనిజపు స్ఫటికం కన్నా ఎన్నో రెట్లు గట్టిది. అయితే ముత్యపు పొర అన్ని గుల్లల్లోనూ ఉంటుందనుకోకూడదు. శంఖాలు, గవ్వలు, కోన్ నత్తల వంటి అధిక సంఖ్యాకుల్లో అది లేనే లేదు. వాటి గోడ ప్లైవుడ్ చెక్కలా, ఒక పొరలోని పీచు మరో పొరకు అడ్డంగా ఉండేట్టు కట్టినది. విరిగిన గుల్ల అంచును భూతద్దంతో చూస్తే, అది ఏ కుటుంబానిదో చెప్పే మొదటి ఆధారాల్లో ఒకటి అక్కడే కనిపిస్తుంది.

గుల్ల పెరిగేది అంచు దగ్గర మాత్రమే. ఒకసారి కట్టిన భాగం మళ్లీ సాగదు. ఈ ఒక్క నియమం నుంచే చుట్టల సౌందర్యమంతా పుట్టింది. ఆకారం మారకుండా పరిమాణం మాత్రమే పెరగాలంటే, కొత్త భాగం ఎప్పుడూ పాతదానికి ఒకే నిష్పత్తిలో పెద్దదై ఉండాలి. ఆ షరతును పాటిస్తూ తిరిగే గీతను గణితంలో సంవర్గమాన సర్పిలం అంటారు. గుల్లలు దీన్ని అనుసరిస్తాయని 1838లో హెన్రీ మోస్లే కొలతలతో చూపించాడు. 1966లో డేవిడ్ రాప్ కంప్యూటర్ సాయంతో, చుట్టు ఎంత వేగంగా వెడల్పవుతోంది, అక్షానికి ఎంత దూరంలో తిరుగుతోంది, అక్షం వెంట ఎంత కిందికి జారుతోంది వంటి కొద్దిపాటి విలువల్ని మారుస్తూ నత్త నుంచి చిప్ప దాకా దాదాపు అన్ని ఆకారాల్నీ గీయించాడు. కిందికి జారడం ఎక్కువైతే టరిటెల్లా వంటి సూది గుల్ల వస్తుంది. జారడం లేకుండా చుట్టలు ఒకే తలంలో తిరిగితే, ఆక్టోపస్ వర్గానికి చెందిన నాటిలస్ గుల్ల వస్తుంది. వెడల్పు అతివేగంగా పెరిగితే ఒక్క చుట్టు కూడా పూర్తికాక ముందే చిప్ప పలక తయారవుతుంది. నాటిలస్ గుల్లలో స్వర్ణ నిష్పత్తి ఉందన్న మాట మాత్రం కొలతకు నిలవదు. స్వర్ణ సర్పిలం ఒక పూర్తి చుట్టుకు సుమారు 6.85 రెట్లు పెరగాలి, నాటిలస్ పెరిగేది దాదాపు మూడు రెట్లే. నాటిలస్ అందానికి ఆ అరువు గొప్ప అవసరం లేదు.

చుట్టు ఏ వైపు తిరుగుతుందన్నది మరో సంగతి. మొన పైకి ఉండేట్టు గుల్లను నిలిపి, నోరు మనవైపు తిప్పితే, అత్యధిక జాతుల్లో ఆ నోరు కుడివైపున ఉంటుంది. వీటిని కుడి చుట్టు గుల్లలంటారు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1650లో కోనస్ మార్మోరియస్ అనే నత్త గుల్లను రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసినప్పుడు, ముద్రణలో బొమ్మ తిరగబడి, ప్రకృతిలో కుడి చుట్టు ఉండే గుల్ల కాగితం మీద ఎడమ చుట్టుగా మారింది. తన సంతకాన్ని మాత్రం ఆయన అచ్చులో సరిగా వచ్చేట్టు తిరగేసి చెక్కాడు. దక్షిణావర్త శంఖం అనే మాట విషయంలోనూ ఇలాంటి తికమకే ఉంది. శంఖాన్ని కాలువ కొన పైకి, మొన కిందికి ఉండేట్టు పట్టుకుంటే, శాస్త్రం ఎడమ చుట్టు అనే గుల్ల నోరు కుడివైపున కనిపిస్తుంది. గుల్ల మారలేదు, పట్టుకునే తీరు మారింది. టర్బినెల్లా పైరమ్ అనే శంఖపు జాతిలో ఇలాంటివి అత్యంత అరుదు. లైట్నింగ్ వెల్క్ వంటి కొన్ని జాతుల్లో మాత్రం ఎడమ చుట్టే మామూలు. ఈ దిశను నిర్ణయించేది పిల్ల జన్యువు కాదు, తల్లి జన్యువు. మంచినీటి లిమ్నియా నత్తల మీద వచ్చిన ఫలితాలకు జన్యుశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ 1923లో ఇచ్చిన వివరణ ఇది. గుడ్డులో తల్లి ఉంచిన పదార్థమే మొదటి కణ విభజనల వాలును నిర్ణయిస్తుంది కాబట్టి, ఒక తరం తేడాతో లక్షణం బయటపడుతుంది.

ఇక కుటుంబాల దగ్గరికి వస్తే, అన్నింటిలోకీ ముందు చెప్పుకోవలసింది గవ్వల కుటుంబం, సిప్రియిడే. ఇందులో సుమారు 250 జాతులున్నాయి. గవ్వకు నత్త చుట్టలు లేవని చూసినవారు అనుకుంటారు. పిల్ల గవ్వను చూస్తే అసలు విషయం తెలుస్తుంది: దానికి పలచని గోడ, వెడల్పాటి నోరు, మొన దగ్గర చిన్న చుట్టలు, అన్నీ ఉంటాయి. ఎదుగుదల పూర్తయ్యే దశలో బయటి పెదవి లోపలికి ముడుచుకుని, రెండు పెదవుల మీదా పళ్లు లేచి, నోరు సన్నని చీలికగా మారిపోతుంది. మొనను చివరి చుట్టు మింగేస్తుంది. అక్కడితో పొడవు పెరగడం ఆగిపోతుంది, ఆ తరువాత పెరిగేది మందం మాత్రమే. చోటు సరిపోవడం కోసం లోపలి పాత గోడల్ని జీవి తానే కరిగించి పలచన చేసుకుంటుంది. గవ్వ నునుపుకు కారణం కూడా జీవి నడవడిలోనే ఉంది. ప్రావారం రెండు వైపుల నుంచీ పైకి పాకి గుల్ల మొత్తాన్ని కప్పేస్తుంది. అవసరమైనప్పుడే వెనక్కి తీసుకుంటుంది. అందువల్ల వెలుపల తోలు పొర ఉండదు, నాచు పట్టదు, గీతలు పడవు, పైనుంచి కొత్త పూత పడుతూనే ఉంటుంది. ప్రావారపు రెండు అంచులు కలిసే చోట వీపు మీద ఒక లేత గీత చాలా గవ్వల్లో మిగిలిపోతుంది. బతికి ఉన్న గవ్వను చూడనివారికి ఆ గీత అర్థం కాదు.

కోన్ నత్తల కుటుంబం కోనిడేలో అందానికి, ప్రమాదానికి మధ్య దూరం చాలా తక్కువ. ఉదరపాదుల నోట్లో ఆకురాయిలా పనిచేసే రాడ్యులా అనే పళ్ల పట్టీ ఉంటుంది. చాలా నత్తలు దానితో నాచును గీకి తింటాయి. కోన్ నత్తల్లో ఆ పట్టీలోని ఒక్కో పన్నూ బోలుగా, ముళ్లతో, ఈటెలా మారింది. తొండం కొసన అలాంటి ఒక పన్నును పట్టుకుని, విషంతో సహా ఎరలోకి దించుతుంది. ఒకసారి వాడిన పన్ను మళ్లీ పనికిరాదు, సంచిలోంచి ఇంకొకటి వస్తుంది. కొన్ని జాతులు పురుగుల్ని, కొన్ని తోటి నత్తల్ని, కొన్ని చేపల్ని వేటాడతాయి. చేపల్ని పట్టే కోనస్ జియోగ్రాఫస్ కాటుకు మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. కాబట్టి బతికి ఉన్న కోన్ నత్తను చేతిలోకి తీసుకోవడం ఏ విధంగానూ మంచిది కాదు. వెడల్పు కొనను పట్టుకుంటే భద్రమేనన్న సలహా కూడా నమ్మదగింది కాదు, ఎందుకంటే తొండం గుల్ల మొత్తం పొడవునా వంగగలదు. ఈ విషాలు నరాల్లోని ఒక్కో ద్వారాన్ని ఒక్కొక్కటి ఎంచుకుని మూస్తాయి కాబట్టి వైద్యం వాటిని వదులుకోలేదు. కోనస్ మేగస్ విషంలోని ఒక పెప్టైడును అనుసరించి తయారైన జికోనొటైడ్ అనే నొప్పి మందుకు అమెరికాలో 2004లో అనుమతి లభించింది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించే ఈ మందు, మార్ఫిన్ పనిచేసే మార్గంలో కాక, వేరే మార్గంలో నొప్పి సంకేతాన్ని ఆపుతుంది. ఈ పరిశోధనకు పునాది వేసినవారిలో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమెరో ఒలివేరా ముఖ్యుడు.

ఇదే కుటుంబంలోని కోనస్ గ్లోరియమారిస్ కథ గుల్లల సేకరణ గురించి ఒక నిజం చెబుతుంది. 1777లో కెమ్నిట్జ్ వర్ణించిన ఈ గుల్ల దాదాపు రెండు వందల ఏళ్లు ప్రపంచంలోకెల్లా అరుదైనదిగా పేరుపొందింది. 1969లో సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ తీరంలో మునిగిన ఈతగాళ్లకు దాని నివాసం దొరకడంతో ఆ అరుదుతనం పోయింది. అప్పటిదాకా కొరత ఉన్నది జీవికి కాదు, ఆ జీవి ఎక్కడ ఉంటుందన్న ఎరుకకు.

ముళ్ల గుల్లలు అనదగ్గ కుటుంబం మ్యూరిసిడే. ఇవి నిరంతరంగా పెరగవు. కొంత పెరిగి, ఆగి, ఆగినచోట పెదవిని మందంగా కట్టి, దాని మీద ముళ్లో, మడతలో, ఆకుల వంటి అంచులో లేపుతాయి, మళ్లీ పెరుగుతాయి. గుల్ల మీద కనిపించే ఒక్కో ముళ్ల వరుస ఒక్కో విరామపు గుర్తు. ప్రావారం దగ్గరి ఒక గ్రంథి నుంచి వెలువడే స్రావం గాలి, వెలుతురు తగిలాక ఊదా రంగుకు మారుతుంది. మధ్యధరా తీరపు ప్రాచీనులు రాజవస్త్రాలకు వాడిన రంగు ఇదే. 1909లో పౌల్ ఫ్రీడ్‌లెండర్ ఆ రంగు రసాయన నిర్మాణాన్ని తేల్చడానికి 12,000 నత్తల నుంచి సేకరించగలిగినది 1.4 గ్రాములు మాత్రమే. ఆ రంగు ఎందుకు అంత ఖరీదైనదో ఈ లెక్క ఒక్కటే చెబుతుంది.

ఒడ్డున దొరికే చిప్పల్లో పలకకు ఒక మూల, ఎవరో బరమాతో తొలిచినట్టున్న గుండ్రని రంధ్రం తరచు కనిపిస్తుంది. దారం గుచ్చడానికి అనువుగా ఉండే ఆ రంధ్రం నిజానికి ఒక హత్యకు ఆనవాలు. తొలిచేవి ముఖ్యంగా రెండు కుటుంబాలు. మ్యూరిసిడే నత్తలు పాదం అడుగున ఉన్న ప్రత్యేక అవయవంతోనూ, నాటిసిడే అనే చంద్ర నత్తలు తొండం పెదవి దగ్గర ఉన్న అవయవంతోనూ ఆమ్ల స్రావాన్ని పూసి, గుల్లను మెత్తబరిచి, రాడ్యులాతో గీకుతూ, మళ్లీ పూస్తూ, గంటల తరబడి ఈ పని చేస్తాయి. రంధ్రం తెరుచుకున్నాక తొండం లోపలికి పోయి మెత్తని దేహాన్ని తినేస్తుంది. మ్యూరిసిడే తొలిచిన రంధ్రపు గోడలు నిటారుగా ఉంటాయి. నాటిసిడే తొలిచినది పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా, చిన్న గిన్నెలా ఉంటుంది. చంపింది ఏ కుటుంబమో చచ్చినదాని గుల్ల మీద చదవవచ్చు. శిలాజాల్లోనూ ఈ రంధ్రాలు నిలిచి ఉంటాయి కాబట్టి, కోట్ల ఏళ్ల కిందటి వేటను కూడా ఇలాగే లెక్కకట్టగలుగుతున్నారు. ఒడ్డున దొరికే వాటిలో ఇంత సమాచారం మోసే వస్తువు మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

స్ట్రాంబిడే కుటుంబపు శంఖాలు పాకవు, గెంతుతాయి. నోటికి మూతగా ఉండవలసిన కొమ్ము పలక వీటిలో కొడవలిలా మారింది. దాన్ని ఇసుకలో గుచ్చి, పాదాన్ని బలంగా తన్ని ముందుకు పడతాయి. పెదవి కొసన కనిపించే చిన్న నొక్కు కాడ మీదున్న కన్ను బయటికి చూడడానికి పనికొస్తుంది. కరీబియన్ ప్రాంతపు రాణి శంఖం ఎదిగాక రెక్కలా విచ్చుకునే పెదవిని కడుతుంది, ఆ తరువాత పొడవు పెరగదు. కాబట్టి పెదవి లేని గుల్ల ఎంత పెద్దదైనా పిల్లదే. మితిమీరిన వేట వల్ల ఈ జాతి అంతర్జాతీయ వ్యాపారాన్ని, ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారంపై దేశాలు చేసుకున్న సైట్స్ ఒప్పందం 1992 నుంచి నియంత్రిస్తోంది. శంఖాలు, గుల్లలు ఎన్ని ఉన్నా ఉదరపాదుల్లో పరిమాణంలో మొదటి స్థానం ఆస్ట్రేలియా ఉత్తర తీరపు సిరింక్స్ అరువానస్‌దే. దాని గుల్ల 90 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. జీనోఫోరిడే కుటుంబపు నత్తలు ఇతర జీవుల ఖాళీ గుల్లల్ని, రాళ్లను ఏరి తమ గుల్ల అంచుకు అతికించుకుంటాయి. సేకరణ అభిరుచి మనుషులకు మాత్రమే లేదన్నమాట.

చిప్పల్ని చదవడానికి వెలుపలి కన్నా లోపలి భాగం ముఖ్యం. ద్వికవాటులకు తల లేదు, రాడ్యులా లేదు. చాలా జాతులు మొప్పలతోనే నీటిని వడపోసి తింటాయి. రెండు పలకల్నీ కలిపే సాగే బంధనం వాటిని ఎప్పుడూ తెరవాలనే చూస్తుంది, కండరాలు మూసి ఉంచుతాయి. చచ్చిన చిప్ప తెరుచుకోవడానికి కారణం ఇదే. కండరం అతుక్కున్న మచ్చలు, ప్రావారం అతుక్కున్న గీత పలక లోపల మిగిలిపోతాయి. ఆ గీత ఒకచోట లోపలికి లోతుగా వంగి ఉంటే, ఆ జీవికి పొడవైన నీటి గొట్టాలు ఉండేవనీ, అది ఇసుకలో లోతుగా కూరుకుని బతికిందనీ అర్థం. వంపు లేకపోతే అది పైపైన బతికినది. కీలు దగ్గరి పళ్లు మాత్రం వంశాన్ని చెబుతాయి. ఆర్సిడే చిప్పల్లో ఒకే రకం చిన్న పళ్లు దువ్వెనలా వరుసగా ఉంటాయి; వెనెరిడేలో కొద్దిపాటి బలమైన పళ్లు ఒకచోట గుమికూడి ఉంటాయి. జీవనాన్ని చెప్పే గుర్తు, వంశాన్ని చెప్పే గుర్తు ఒకే పలకలో పక్కపక్కనే ఉండడం వల్ల ఈ చదువు నేర్చుకోవడానికి చిప్పలే మంచి పలకలు.

పెక్టినిడే కుటుంబపు స్కాలప్‌లకు ఒక్క పెద్ద కండరపు మచ్చే ఉంటుంది. ఆ కండరంతో పలకల్ని టపటపా కొట్టి నీళ్లలో ఈదగలవు. ప్రావారపు అంచున రెండు వందల దాకా కళ్లుండవచ్చు. ఒక్కో కంటి వెనక గ్వానిన్ స్ఫటికాల అద్దం ఉండి, కాంతిని అదే కేంద్రీకరిస్తుంది. మనుషులు తినే ఆయిస్టర్లు ఓస్ట్రియిడే కుటుంబానివి, ముత్యాలిచ్చే పింక్టాడా ప్రజాతి వాటికి వేరైన కుటుంబం. ఆయిస్టర్‌లో ఎప్పుడైనా ముత్యం కనిపించినా దానికి మెరుపు రాకపోవడానికి కారణం, ఆ గోడలో ముత్యపు పొరే లేకపోవడం. ఇసుక రేణువు చుట్టూ ముత్యం పుడుతుందన్నది కూడా చాలావరకు అపోహే. పరాన్నజీవి వల్లో, గాయం వల్లో ప్రావారపు పైకణాలు కొన్ని లోపలి కండలోకి జారి సంచిగా మారినప్పుడు, అవి తమకు తెలిసిన పనినే అక్కడా చేస్తాయి. ముత్యం అంటే చోటు తప్పిన గుల్ల.

టెరిడినిడే కుటుంబాన్ని ఓడ పురుగులంటారు. అవి పురుగులు కావు, చిప్పలు. పొడవైన మెత్తని దేహానికి ముందు కొసన మిగిలిన రెండు చిన్న పలకలు రక్షణ కోసం కాక కొయ్యను తొలిచే పనిముట్లుగా మారాయి. రాక్షస చిప్పగా పేరుపొందిన ట్రిడాక్నా గిగాస్ మరో కొసన ఉంది: మీటరుకు పైగా పొడవు, 200 కిలోలకు మించిన బరువు, ప్రావారంలో కిరణజన్యసంయోగం చేసే శైవలాలు. దీనికి చాలాకాలం సొంత కుటుంబం ఉండేది. శరీర నిర్మాణం, డిఎన్‌ఎ పరిశీలనలు జరిగాక దాన్ని గుప్పిట్లో ఇమిడే కాకల్ చిప్పల కుటుంబమైన కార్డియిడేలో చేర్చారు. ఆకారమూ పరిమాణమూ బంధుత్వాన్ని ఎంత కప్పివేయగలవో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు.

ఆక్టోపస్, స్క్విడ్‌ల వంటి శిరోపాదుల్లో వెలుపలి గుల్ల మిగిలింది నాటిలస్‌లకే. గదులుగా విభజించిన ఆ గుల్లలో జీవి చివరి గదిలో ఉంటుంది. వెనక గదుల్లోని నీటిని సన్నని గొట్టం ద్వారా తీసివేసి, తేలే శక్తిని సమతూకంలో ఉంచుకుంటుంది. ఆర్గోనాట్ ఆక్టోపస్ ఆడజీవి దగ్గర కనిపించే పలచని తెల్లని తొడుగు నాటిలస్‌ను పోలినా, అది అసలు ఆ అర్థంలో గుల్లే కాదు. ఆ జీవి దాన్ని వేరే ప్రాణి నుంచి దొంగిలిస్తుందా, తానే కడుతుందా అన్న వివాదాన్ని 1830లలో సిసిలీలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే మహిళ తేల్చింది. గాజు తొట్లలో ఆర్గోనాట్లను పెంచి, అవి తమ రెండు చేతుల వెడల్పాటి రేకులతో తొడుగును స్రవించడం, పగిలితే బాగుచేసుకోవడం ఆమె చూపించింది. ప్రావారం చేయనిది కాబట్టి దాని బంధుత్వం గుడ్లు పెట్టే బుట్టతోనే గాని, నాటిలస్ గుల్లతో కాదు.

గుల్ల ఇలా మోసం చేసిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. అలలు బలంగా తాకే రాళ్ల మీద బతకడానికి టోపీ ఆకారం అనువైనది కాబట్టి, ఒకదానితో ఒకటి దగ్గరి సంబంధం లేని అనేక వంశాలు విడివిడిగా ఆ ఆకారానికి చేరాయి. లింపెట్ అన్నది కుటుంబం పేరు కన్నా బతుకుతీరు పేరు అనడమే సబబు. జూలియిడే కుటుంబపు గుల్లలు రెండు పలకలుగా ఉండడంతో శాస్త్రజ్ఞులు వాటిని చిప్పల్లో లెక్కవేశారు. 1959లో జపాన్‌లో ఒక బతికిన జీవి దొరికి, రెండు పలకల మధ్య నుంచి తలా, పాదమూ చాచి పాకే ఆకుపచ్చని నత్త కనిపించేదాకా ఆ పొరపాటు బయటపడలేదు. 1758లో లినేయస్ ఎక్కువగా గుల్లల్ని చూసే పేర్లు పెట్టాడు. ఆ తరువాత క్యూవియే లోపలి అవయవాల వైపు దృష్టి మళ్లించాడు. ఇప్పుడు జన్యువులు ఆ పని చేస్తున్నాయి. బుషే, రోక్రువా నాయకత్వంలో 2005లో వచ్చిన ఉదరపాదుల వర్గీకరణలో శిలాజాలతో కలిపి 611 కుటుంబాలుండగా, 2017 నాటి సవరణలో అవి 721కి పెరిగాయి. పాత పేర్లు మారుతున్నాయని సేకర్తలు విసుక్కోవడం సహజం. కానీ ఒక్కో మార్పు వెనకా, ఆకారం చెప్పినదాన్ని జీవి చేత సరిచూసుకున్న ఒక శ్రమ ఉంది.

పరిసరం గుల్ల మీద ఎంత గట్టిగా ముద్రవేస్తుందో హిందూ మహాసముద్రపు లోతుల్లోని పొలుసుకాలి నత్త చూపుతుంది. 2001లో కైరీ అనే వేడినీటి బుగ్గల దగ్గర దొరికిన ఈ నత్త గుల్ల వెలుపలి పొరలోనూ, పాదాన్ని కప్పిన పొలుసుల్లోనూ ఇనుప సల్ఫైడ్లు ఉంటాయి. ఇనుము తక్కువగా ఉన్న మరో బుగ్గల క్షేత్రంలో ఇదే జాతి తెల్లగా, ఆ ఇనుప కవచం లేకుండానే బతుకుతోంది. ఆ రెండూ ఒకే జాతి. తేడా వాటి చుట్టూ ఉన్న నీటిది. ఆ నీరు ఇప్పుడు అంతటా మారుతోంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగేకొద్దీ సముద్రపు పైనీటి పిహెచ్ (ఆమ్లత పెరిగేకొద్దీ తగ్గే కొలత) పారిశ్రామిక యుగానికి ముందున్న సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. ఈ కొలత సంవర్గమాన పద్ధతిలో ఉంటుంది కాబట్టి అంకె చూపినంత చిన్న మార్పు కాదది. కాల్సైట్ కన్నా ఆరగొనైట్ త్వరగా కరుగుతుంది. అందువల్ల ఆరగొనైట్‌తో పలచని గుల్లలు కట్టే, నీళ్లలో తేలుతూ బతికే టెరోపాడ్‌లనే చిన్న నత్తలు ముందుగా దెబ్బతింటాయి.

ఆర్కిటికిడే అనే కుటుంబంలో నేడు బతికి ఉన్నది ఒక్కటే జాతి, ఆర్కిటికా ఐలాండికా. ఉత్తర అట్లాంటిక్ చల్లని నీళ్లలోని ఈ చిప్ప ఏడాదికొక పెరుగుదల గీతను వేసుకుంటుంది. 2006లో ఐస్‌లాండ్ దగ్గర పైకి తీసిన ఒక చిప్ప వయసును మొదట కీలు భాగంలోని గీతల్ని లెక్కించి నాలుగు వందల ఏళ్లకు కాస్త పైగా అన్నారు. కీలు దగ్గర గీతలు ఒత్తిడిగా, కొన్నిచోట్ల ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. 2013లో పలక వెలుపలి భాగంలో, గీతలు విడివిడిగా ఉన్నచోట మళ్లీ లెక్కించి, ఇతర చిప్పల గీతలతోనూ, రేడియోకార్బన్‌తోనూ సరిచూసినప్పుడు అది 507 ఏళ్లుగా తేలింది. ఆ చిప్ప 1499లో పుట్టింది. గుల్ల మీద లెక్క మొదటి నుంచీ సరిగానే ఉంది. తప్పు జరిగింది దాన్ని చదవడానికి ఎంచుకున్న చోట.